రాజలింగు సార్ సస్పెన్షన్

ఆ శనివారం సైన్సు మాస్టారు రాజలింగుకు ఉన్న పని ఒక్కటే. తాను తయారుచేసిన ఆరు చక్రాల రోబో బండిని ప్రాణహిత ఒడ్డున రాళ్ల మీద నడిపి చూడాలి. వరదకు దారి తెగిన ఊళ్లకు మందులు మోసుకుపోవాల్సిన బండి అది. ఇంట్లో గచ్చు మీద బుద్ధిగా నడిచేది. గులకరాయి తగిలితే మాత్రం ఎగిరిపడి, నెత్తిన పెట్టిన గిన్నెలో నీళ్లన్నీ ఒలకబోసేది. సైకిల్ సీటు స్ప్రింగులు వేస్తే బిర్రుగా ఉన్నాయి, టార్చిలైటువి వేస్తే కూలబడ్డాయి. చివరికి ఒక్కో చక్రానికి రెండు రకాలూ కలిపి సస్పెన్షన్ బిగించాడు. మధ్యాహ్నం గడ్చిరోలి నుంచి వచ్చే విద్యాధికారికి నచ్చితే బండి జిల్లా ప్రదర్శనకు పోతుంది.

పొద్దున్నే పోస్టాఫీసుకు పోయి, చంద్రపూర్‌లో ఉన్న మెకానిక్ స్నేహితుడికి ఫోన్ చేశాడు. లైను సరిగా లేక అరవాల్సి వచ్చింది.

"సస్పెన్షన్‌తోని పరేషాన్ అయితున్న. నిద్ర పడ్తలేదు. ఇయ్యాల ఏటికాడికి సాహెబ్ వచ్చినంక తేలిపోతది."

స్టాంపులు కొంటున్న రైతు దేవయ్య చెవిన ఆ మాటలు పడ్డాయి. అతని పిల్లలకు లెక్కలూ సైన్సూ చెప్పేది ఈ సారే. స్టాంపులు అక్కడే వదిలేసి బజారుకు ఉరికాడు.

రాజలింగు తిరిగి వస్తుంటే చాయ్ దుకాణం యాదక్క పిలిచి మరీ చాయ్ ఇచ్చింది.

"తాగుండ్రి సార్. గిసొంటప్పుడే గుండె గట్టిగుండాలె."

ఆమెకు బండి సంగతి ఎట్ల తెలిసిందా అనుకున్నాడు. "కింద పడ్డా మళ్ల లేస్తే చాలు యాదక్కా," అన్నాడు. యాదక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పొయ్యి పొగ కాబోలు అనుకున్నాడు.

ఇంట్లో భార్య భూదేవి బట్టలు మూట కడుతోంది.

"రేగుంట ఊర్ల మా అన్న లేడా? వడ్లు పంపుతడు. మీరు ఫికరు చెయ్యకుండ్రి."

"వడ్లు బరువైతయి. గిన్నెడు నీళ్లు చాలు."

ఆమె ఆయన ముఖంలోకి చూసి, మూట వదిలేసి ఏడుపు అందుకుంది. నీళ్లకు ఏడవడం దేనికో ఆయనకు అంతుపట్టలేదు. బండి చంకన పెట్టుకుని ఏటికి నడిచాడు.

అక్కడ సిరొంచ ఊళ్లో సగం మంది ఉన్నారు. రాజలింగు మురిసిపోయాడు. సైన్సు అంటే ఊరికి ఇంత ప్రేముందని ఆయనకు తెలియదు. ఇంతలో అధికారి జీపు వచ్చింది. జనం చుట్టుముట్టారు.

"సార్ సస్పెన్షన్ వాపస్ తీసుకోవాలె," అన్నాడు దేవయ్య.

"ఎందుకు తీసుకోవాలె? నెల రోజులు కష్టపడ్డ," అన్నాడు రాజలింగు, మనసు నొచ్చుకుని.

అధికారికి ఏమీ పాలుపోలేదు. మరాఠీ మనిషి కావడంతో, తనకొచ్చిన కొద్ది తెలుగులో అడిగాడు. "సస్పెన్షన్ ఎవరు చేసిండ్రు? సస్పెన్షన్ ఎవరిది?"

"నాదే సాహెబ్. నేనే చేసిన. చూస్తనంటే మీ ముందటనే చూపిస్త."

బండిని రాళ్ల మీద పెట్టి, వైరు చివరి స్విచ్చు నొక్కాడు. ముందు చక్రం రాయెక్కింది, వెనక చక్రం గుంతలో దిగింది, గిన్నె మాత్రం నిమ్మళంగా ఊగింది. చుక్క ఒలకలేదు. సంగతి అర్థమై అధికారి, "ఉద్యోగంది కాదు, బండి సస్పెన్షనా!" అని పడీపడీ నవ్వాడు. అప్పుడుగాని రాజలింగుకు పొద్దుటి చాయ్ అర్థం కాలేదు. స్ప్రింగులు చూపించి అందరికీ విప్పి చెప్పాడు.

దేవయ్య వినలేదు. "సార్ మంచోడు, మీకు భయపడి మాట మారుస్తుండు. వాపస్ తీసుకున్నట్టు కాగితం ఇస్తెనే జీపు కదుల్తది."

కాగితం ఇద్దామంటే, అధికారి వెంట వచ్చిన గుమాస్తా అడ్డు చెప్పాడు. లేని ఉత్తర్వును రద్దు చేయడానికి నిబంధన లేదట. అధికారి జీపు బానెట్ మీద రెండు కాగితాలు రాశాడు. మొదటిది, రాజలింగును పొద్దుటి నుంచి సస్పెండ్ చేస్తూ. రెండోది, దాన్ని రద్దు చేస్తూ.

జనం చప్పట్లు కొట్టారు. భూదేవి మూట విప్పడానికి ఇంటికి పోయింది. బండి జిల్లా ప్రదర్శనకు ఎంపికైంది.

సోమవారం బడికి పోగానే హెడ్‌మాస్టరు, సస్పెన్షన్‌లో ఉన్న పూటకు సెలవు చీటీ ఏదని అడిగాడు.