ఎత్తిపోతల నీళ్ల సీసా

పొద్దున్నే వంట ముగించి, పాపను అంగన్‌వాడీలో దింపి, రెండు పాఠాలు చదువుకోవాలనుకుంది ఫిర్దౌస్. ఎనిమిదో తరగతిలో ఆగిపోయిన ఆమె చేత ఓపెన్ టెన్త్ ఫీజు కట్టించింది మేడమీద అద్దెకుంటున్న స్వాతి. మాచర్లలోనే ఒక ప్రైవేటు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. సాయంత్రం ఒక గంట ఫిర్దౌస్‌కు ఊరికే పాఠం చెబుతుంది. ఆ గంట కోసమే ఫిర్దౌస్ తక్కిన రోజంతా ఈదుకొస్తుంది.

ఆ స్వాతి కాలేజీకి వెళ్తూ ఆమె చేతిలో ఒక సీసా పెట్టింది.

"అక్కా, ఇయ్యి ఎత్తిపోతల జలపాతం కింద గుండంలో నీళ్లు. ఇందులో ఒంటి నిండా నూగుండే సన్న ప్రాణులున్నయ్. ఆ నూగుతోనే ఈదుతయ్. ఏ జాతో తేలట్లా. సాయంత్రం యూనివర్సిటీ నించి మా సార్ చూట్టానికొస్తున్నారు. పైన రేకుల వేడికి చచ్చిపోతయ్, మీ ఇంట్లో నీడన పెట్టు."

"కంట్లో పెట్టుకుని చూసుకుంటా మేడం."

పాపను దింపి వచ్చేసరికి సీసాలో నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. ఫిర్దౌస్ వంటింట్లోకి పరుగెత్తింది.

"అత్తమ్మా, ఏంది చేశారు?"

"మురిగ్గా ఉంటే పటిక తిప్పి గుడ్డలో వడకట్టా," అంది కరీమున్నీసా. "ఇంట్లోకొచ్చిన నీళ్లు అట్టా వదిలేస్తామా?"

"అందులో పురుగులున్నయంట!"

"అందుకేగా తిప్పింది."

మేడం రేపటి నుంచి రావద్దంటుంది. చదువు మళ్లీ ఎనిమిదిలోనే ఆగుతుంది. ఫిర్దౌస్ సీసా ఒంపేసి, పక్కింటి దొడ్లోకి నడిచి, గేదెల తొట్టిలో పచ్చగా పాచిపట్టిన నీళ్లు సీసాతో ముంచుకుంది.

"ఏమే, ఆ నీళ్లెందుకే నీకు?" రామాయమ్మ గొంతు.

"మొ... మొక్కలకి పిన్నీ."

"మీ ఇంట్లో మొక్కలెక్కడియ్యే?"

ఫిర్దౌస్ అప్పటికే గోడ దాటింది.

సాయంత్రం మేడమీద, యూనివర్సిటీ నుంచి వచ్చిన లక్ష్మీనారాయణ సార్ మైక్రోస్కోపులోంచి ఎంతకీ తల ఎత్తలేదు. ఫిర్దౌస్ టీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడింది.

"స్వాతీ, కాలి చెప్పు ఆకారమన్నావు ఫోన్లో! ఇది బాకాలా ఉంది. నోటి చుట్టూ నూగు సుడి తిరుగుతోంది. కేంద్రకం చూడు, పూసలదండ! ఒంటి మీద వంగపువ్వు రంగు చారలు... ఇలాంటిది నేను చూడలేదు. రేపే ఎత్తిపోతల వెళ్దాం. దొరికిన చోట మళ్లీ దొరికితేనే మన మాట నమ్ముతారు."

ఎత్తిపోతలలో అది దొరకదు. మేడం అందరిముందూ అబద్ధాలకోరు అవుతుంది. గ్లాసు కింద పెట్టి, ఫిర్దౌస్ గోడకేసి చెప్పింది.

"అంత దూరమెందుకు సార్. అయ్యి రామాయమ్మ పిన్ని తొట్టిలోయి." పటిక సంగతీ చెప్పేసింది.

స్వాతి ఆమె వంక చూసిన చూపుకు ఫిర్దౌస్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. సార్ మాత్రం అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

దొడ్లో రామాయమ్మ చీర ఎగదోపి నిలబడి ఉంది. తొట్టి పొడిగా, తెల్లగా ఉంది. బ్లీచింగ్ వాసన గుప్పుమంది.

"రండి సార్ రండి! ఈ పిల్ల దొంగచాటుగా నీళ్లు పట్టుకుపోయినప్పుడే అనుకున్నా, మునిసిపాలిటీలో దోమల కంప్లైంటు పెడుతుందని. చూస్కోండి! ఒక్క పురుగుంటే నన్నడగండి!"

సార్ తొట్టి అంచు మీదే కూలబడ్డాడు. "అమ్మా, ఆ పురుగుల కోసమే వచ్చాం. ప్రపంచానికే కొత్తవి కావచ్చు. దొరికిన చోటు పేరు పుస్తకాల్లో వేస్తారు."

రామాయమ్మ ఎగదోపిన చీర దించుకుంది.

"ఒక్కటేంది సార్, లచ్చలున్నయ్! నా చిన్నప్పట్నించీ ఉన్నయ్! తొట్టి నాది, పేరు కూడా నాదే వెయ్యాల!"

సీసాలో మిగిలినవాటినే పెంచాలని తేల్చుకుని అంతా వెనక్కు తిరిగారు. మెట్ల దగ్గర స్వాతి ఆగింది. ఫిర్దౌస్ తల దించుకుంది.

"రేపు ఎత్తిపోతల దాకా పోయినా నువ్వు నోరిప్పకుండా ఉంటే, సార్ ముందు నా పరువు పోయేదక్కా."

"పాఠాలు..."

"పుస్తకం తీసుకుని పైకి రా. ఈసారి నీళ్లు ఎక్కడ ముంచినా ముందే చెప్పాలి, అదే మొదటి పాఠం."

ఆ ప్రాణికి పేరింకా పెట్టలేదు గానీ, వీధిలో మాత్రం దాన్ని రామాయమ్మ గారి తరఫు చుట్టమనే అంటున్నారు.