మెలితోన్ పన్ను, లుసేరో పళ్ళు

ఆ ఉదయం మెలితోన్ వేసుకున్న పథకం చిన్నది. దవడకు గుడ్డ కట్టుకుని మధ్యాహ్నం లారీ పోయేదాకా పడుకోవాలి.

మర్నాడు మకుసాని సంతలో, ఉన్ని కోసం పెంచే అల్పాకాల పోటీ. పళ్ళన్నీ వచ్చిన మగవాటిది 'నిండు నోరు' తరగతి. నాలుగేళ్లుగా అందులో మొదటి బహుమతి ఎర్ర రిబ్బను పక్కింటి నజారియో పెంచే లుసేరోకే వెళ్తోంది. మెలితోన్ పెంచే కపితాన్‌ది ఎప్పుడూ రెండో స్థానం. ఈ ఏడు లుసేరో కింది పళ్ళు పెరిగి పెదవి దాటి బయటికొచ్చాయి. కోయకపోతే న్యాయనిర్ణేత పక్కన పెట్టేస్తాడు. వారం క్రితం గోడ మీంచి ఆ పళ్ళు చూసినప్పటి నుంచి మెలితోన్‌కు నిద్ర బాగా పడుతోంది.

పళ్ళు కోసేది హొనొరాతో తాత. మధ్యాహ్నం లారీకి ఆయన పై ఊరికి వెళ్లిపోతాడు. కోసేటప్పుడు తల పట్టుకోవాల్సింది మెలితోన్. అతని ఇంటికప్పు కట్టినరోజు నజారియో వచ్చి గడ్డి మోశాడు. పనికి పని తీర్చాలి, దాన్నే అయిని అంటారు. అయిని ఎగ్గొట్టినవాడి కప్పు కూలినా ఆ కొండల్లో ఎవడూ రాడు. జబ్బుపడ్డవాడికి మాత్రం మినహాయింపు ఉంది.

నజారియో గుమ్మంలోంచి తొంగిచూశాడు. మెలితోన్ కొడుక్కి తొలి జుట్టు తీసింది అతనే. ఆ వరసన ఇద్దరూ ఒకరినొకరు 'కుంపా' అని పిలుచుకుంటారు.

"కుంపా, తాత తీగరంపంతో సిద్ధంగా ఉన్నాడు. లే... అదేంటి, ఆ గుడ్డ?"

"పన్ను, కుంపా. తల కూడా తిప్పలేకపోతున్నా."

"నిన్న రాత్రి మాంసం ఎముక కొరికావుగా!" అంది పొయ్యి దగ్గర్నుంచి అతని భార్య యులోహియా.

"దాంతోనే మొదలైంది."

యులోహియా చేతులు తుడుచుకుంది. "సర్లే నజారియో, పద. తల నేను పట్టుకుంటా."

అల్పాకాను కదలకుండా పట్టడంలో ఆమె అతనికన్నా గట్టిది. "అమ్మా!" అని అరిచాడు మెలితోన్. ఇద్దరూ ఆగిపోయారు. నొప్పి తగ్గడానికి కోకా ఆకు నమిలి దవడకు పెట్టారు. కాస్త తగ్గిందనగానే నజారియో గుమ్మం వైపు అడుగేశాడు. నొప్పి మళ్ళీ వచ్చింది. మూడోసారి గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చిన నజారియో, ఇక లాభం లేదని పరిగెత్తి హొనొరాతో తాతనే తీసుకొచ్చాడు. ఆయన మనుషుల పళ్ళు కూడా పీకుతాడన్న సంగతి మెలితోన్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

"తగ్గిపోయింది తాతా!"

"ఉన్నట్టుండి తగ్గితే లోపల కుళ్ళినట్టే. ఏ వైపు?"

"ఎడమ... కాదు, కుడి."

"రెండువైపులా పాకిందన్నమాట. నీళ్ళు మరిగించమ్మా."

"తాతా, నీ లారీ పోతుందేమో," అన్నాడు మెలితోన్ నీరసంగా.

"లారీ పోతే రేపొస్తుంది కుంపా," అన్నాడు నజారియో. "నా జంతువు సంగతి ఆలోచించకు. నీ పన్ను ముఖ్యం."

నజారియో మొహంలో విచారం చూశాక మెలితోన్‌కు ఒక లెక్క తోచింది. ఒక్క పన్ను పోతే పోయింది, ఎర్ర రిబ్బను వస్తుంది. నీళ్ళు మరిగాక నోరు తెరిచాడు. యులోహియా తల పట్టుకుంది. నజారియో కాళ్ళ మీద కూర్చున్నాడు. తాత పట్టకారు పెట్టాడు. బయటికొచ్చిన పన్ను తెల్లగా, గట్టిగా ఉంది.

"ఎంత లోపల కుళ్ళిందో, పైకి తెలియట్లేదు," అన్నాడు తాత. కొండ మలుపులో లారీ హారన్ వినగానే సంచి పుచ్చుకుని పరిగెత్తాడు.

మర్నాడు న్యాయనిర్ణేత లుసేరో పెదవి ఎత్తి చూసి పక్కకు పంపేశాడు. కపితాన్ నోరు చూశాడు, బాగుంది. నడిపించి చూశాడు. వంగి కాలిగోళ్ళు తడిమాడు.

"నీళ్ళూరే మెత్తటి బీళ్ళలో మేసేవాటికి గోళ్ళు అరగక మెలిపడిపోతాయి. వీటిని ఎంత శుభ్రంగా కత్తిరించారు! ఎవరు చేశారు?"

మెలితోన్ వారమంతా లుసేరో పళ్ళే చూశాడు. కపితాన్ గోళ్ళ వైపు చూడనేలేదు.

"నజారియో," అంది యులోహియా. "నిన్న నీళ్ళు మరిగేలోగా ఊరికే కూర్చోలేక కత్తిరించాడు. నేనే కాళ్ళు పట్టా."

ఎర్ర రిబ్బను కపితాన్ మెడకు కట్టారు. మెలితోన్ చుట్టూ చూశాడు. జనమంతా నజారియో దగ్గరున్నారు. కుంపా పన్ను కోసం బహుమతి వదులుకున్నాడని యులోహియా అప్పటికే సంతంతా చెప్పింది. ఒకాయన బీరు పోయిస్తున్నాడు. ఇద్దరు తల్లులు తమ పిల్లల తొలి జుట్టు అతనే తీయాలని పోటీపడుతున్నారు. న్యాయనిర్ణేత కూడా వెళ్లి కరచాలనం చేశాడు.

"కుంపా!" నజారియో గుంపులోంచి చెయ్యూపాడు. "పన్నెలా ఉంది? కప్పుకొకటి, గోళ్ళకొకటి, నువ్వు నాకు రెండు రోజుల పని బాకీ, గుర్తుందిగా?"

ఇంటిదారిలో మెలితోన్‌కు నిజంగానే పన్ను నొప్పి మొదలైంది. తాత పీకేసిన పన్నే.