కంప్యూటర్‌కి ఐసు

కైకలూరు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు దేవసహాయం గారికి ఒక గట్టి నమ్మకం ఉంది. షాపువాడు చెప్పిన ధరకి వస్తువు కొనేవాడు లెక్కలు రానివాడు. కూతురు నిస్సీకి కంప్యూటర్ కావలసి వచ్చినప్పుడు ఆ నమ్మకమే ఆయన్ని శనివారం పొద్దున్నే ఏలూరు బస్సెక్కించింది.

నిస్సీ డీటీపీ నేర్చుకుంది. సోమవారానికల్లా సొంతంగా ఒక పెళ్లికార్డు కంపోజ్ చేసి చూపిస్తే ఇంటి దగ్గరే చేసుకునేలా పని ఇస్తానని ప్రెస్సు పాపారావు మాటిచ్చాడు. అది పిల్లకి మొదటి సంపాదన. సోమవారం దాటితే ఆ పని ఇంకొకరికి పోతుంది.

"ఏవండీ, రెడీమేడ్‌ది ఇరవై ఎనిమిది వేలంటున్నారు. ఇక్కడే కొనేస్తే పోదా?" అంది భార్య యేసమ్మ.

మాస్టారు జాలిగా నవ్వారు. విడిభాగాలు కొని బిగించుకుంటే పద్దెనిమిది వేలట. పైగా చిన్న పెట్టె, కుట్టుమిషను పక్క గూట్లో ఒదిగిపోతుందట. పాత మానిటర్ ఒకటి ముందే సంపాదించి పెట్టారు కూడా.

ఏలూరులో కంప్యూటర్లు బిగించే రఫీ చాలా మర్యాదస్తుడు. మర్యాదగానే ధర పెంచుకుంటూ పోయాడు. చిన్న పెట్టెలో మామూలు బోర్డు పట్టదు, చిన్న బోర్డు కావాలి, దాని ఖరీదు ఎక్కువ. పవర్ సప్లయిదీ అదే కథ. చిన్నవైతే చవకగా రావాలి కదా అని మాస్టారు నిలదీశారు.

"జాకెట్టు గుడ్డ జానెడేనండీ. కుట్టుకూలి చూడండి మరి" అన్నాడు రఫీ.

లెక్క ఇరవై మూడు వేల దగ్గర ఆగింది. లోపల గాలాడదు, ఇంకో ఫ్యాను బిగిస్తే మంచిది, మూడొందలేనండీ అన్నాడు. అప్పటికే ఒళ్లు మండిపోతున్న మాస్టారు వద్దన్నారు. అట్టపెట్టెకి కూడా డబ్బులడిగేసరికి అదీ వద్దన్నారు. కంప్యూటర్‌ని నల్ల ప్లాస్టిక్ సంచిలో చుట్టించి, బస్టాండు దగ్గర ముప్పై రూపాయలకి దొరికిన పాత థర్మకోల్ పెట్టెలో పెట్టి టేపు వేశారు. కుదుపు తగలదు, ఎండ తగలదు, ఏం బుర్రరా నాది అనుకున్నారు. చేపల వాసన కొడుతోందని కండక్టరు పెట్టెని బస్సు మీదకెక్కించాడు. మాస్టారికి సీట్లో కునుకు పట్టింది.

చేపల ఎగుమతికి పేరుపడ్డ కైకలూరులో థర్మకోల్ పెట్టె కనబడితే ఎవరిదని అడగరు, ఐసు వేస్తారు. మాస్టారు కళ్లు నులుముకుంటూ దిగేసరికి బస్సు మీది పెట్టెలన్నీ నిత్యానందం ఐసు కొట్టుకి చేరిపోయాయి. అక్కడ పనిచేసే నాని టేపు కోసి, నల్ల సంచి మీద రెండు పారల ఐసు పోసి, మూత బిగించి లారీ ఎక్కించేశాడు. మాస్టారు రొప్పుకుంటూ వచ్చి లారీకి అడ్డం నిలబడ్డారు. అందులో తన కూతురి కంప్యూటర్ ఉందని మొత్తుకున్నారు.

"చేపల పెట్టెలో కంప్యూటర్ తెస్తే మేమేం చేస్తామండీ మాస్టారూ?" అన్నాడు నిత్యానందం.

లారీలో అన్నీ ఒకేలాంటి పెట్టెలు. ఒక్కొక్కటే దించి, విప్పి వెతికితే, అదృష్టం కొద్దీ చిట్టచివరిదాంట్లో దొరికింది. కరిగిన ఐసుకీ, కూలీలకీ, లారీ ఆలస్యానికీ కలిపి నిత్యానందం మూడు వేలు పుచ్చుకున్నాడు, అదీ మర్యాదగానే.

సంచి పుణ్యమా అని కంప్యూటర్‌కి చుక్క తడి తగల్లేదు. చల్లగా ఉంది. ఆ సాయంత్రం భేషుగ్గా నడిచింది. యేసమ్మ దేవుడికి స్తోత్రం చెప్పింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి నిస్సీ కార్డు మొదలుపెట్టింది. వధువు పేరు దాకా వచ్చేసరికి కంప్యూటర్ వేడెక్కి ఆరిపోయింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ ఆరిపోయింది. చేసినదంతా పోయింది. కూతురి మొహం చూసి మాస్టారికి గుండె తరుక్కుపోయింది. మూడొందల ఫ్యాను గుర్తొచ్చింది. రఫీ కొట్టుకి ఆదివారం సెలవు.

"నాన్నా, నిన్న చల్లగా ఉంటే బాగానే నడిచింది కదా" అంది నిస్సీ.

చేపలకి ఆదివారం లేదు కనుక ఐసు కొట్టు తెరిచే ఉంది. అదే థర్మకోల్ పెట్టె నిండా ఐసు తెచ్చి, గూటి ముందు పెట్టి, ఆ ఐసు వెనక నుంచి టేబుల్ ఫ్యాను తిప్పారు. కార్డు పూర్తయింది. సోమవారం పాపారావు చూసి, మెచ్చుకుని, పని ఇచ్చాడు.

ఫ్యాను బిగించమని రఫీ దగ్గరికి వెళ్తే యేసమ్మ ముందు ఓడిపోయినట్టే. అందుకని మాస్టారు రోజూ పొద్దున్నే ఐసుకి వెళ్లసాగారు. నెల తిరిగేసరికి ఖర్చు ఇరవై ఎనిమిది వేలు దాటింది. యేసమ్మ వేళ్ల మీదే లెక్కకట్టేసింది.

రోజూ ఐసు దేనికని నాని ఒకరోజు అడగనే అడిగాడు. అడిగినవాళ్లందరికీ చెప్పి చెప్పి విసిగిన మాస్టారు కొరమీనుకి అన్నారు.

"కొరమీను బతికున్నదే అమ్ముతారు కదండీ, ఐసెందుకు?"

"మాదీ బతికుండాలనే నాయనా."

అంత ఖరీదైన కొరమీను కొల్లేటి చుట్టుపక్కల ఇంకెవరింట్లోనూ లేదు.