మూలిగే జీపు

ఆ ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యతో కలిసి వెళ్ళి, ఊరి చివర అమ్మకానికి పెట్టిన ఒక పాత జీపును చూడాలి. చూసి, అందులో ఏదో ఒక లోపం పట్టుకోవాలి. పట్టుకుని, "బండి బాగానే ఉంది కానీ..." అంటూ ముఖం దిగాలుగా పెట్టి, భోజనం వేళకల్లా ఇంటికి వచ్చెయ్యాలి. ఊళ్ళోవాళ్ళ నోళ్ళలో లోపాలు వెతికి పట్టుకోవడమే వృత్తిగా బతుకుతున్న మనిషికి, తన పెళ్ళి కన్నా ముందే పుట్టిన బండిలో ఒక్క లోపం దొరక్కపోదు.

జీపు కావాలన్నది అతని భార్య. ఆమె పశువుల డాక్టరు. ఆమె స్కూటరు తారురోడ్డు అయిపోయిన చోట ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మందుల సంచి భుజాన వేసుకుని, బురదలో, రాళ్ళలో నడిచి పల్లెలకు వెళ్తుంది. ఆ మధ్య అలా నడిచి వెళ్ళేసరికి ఒక ఆవు ఈనలేక ప్రాణం విడిచింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె అన్నం ముట్టలేదు. "కాస్త ముందు వెళ్ళుంటే రెండు ప్రాణాలూ దక్కేవి" అని మాత్రం అంది. మర్నాటి నుంచి నాలుగు చక్రాలూ లాగే బండి కోసం వెతకడం మొదలుపెట్టింది.

పళ్ళ డాక్టరుకి మొదటి నుంచీ భయాలెక్కువ. లిఫ్టు ఎక్కడు. కుక్క తోక ఊపినా రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాడు. సూది గుచ్చేటప్పుడు రోగి కళ్ళు మూసుకుంటే, తోడుగా తనకూ మూసుకోవాలనిపిస్తుంది. కానీ వీటన్నిటికన్నా పెద్ద భయం ఒకటుంది. అది ఎవరికీ చెప్పలేదు. స్కూటరైతే రోడ్డు అయిపోయిన చోట ఆగుతుంది. జీపు ఆగదు. ఆగని బండి చేతికొస్తే తన భార్య మనిషి అలికిడి లేని దారుల్లో, ఒక్కతే, ఎంత దూరమైనా వెళ్ళిపోతుంది.

వాలు మీద చిన్న పెంకుటిల్లు, పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో జీపు. డాక్టరమ్మ గుమ్మమైనా ఎక్కకుండా తిన్నగా షెడ్డులోకి వెళ్ళి బానెట్టు ఎత్తింది. పళ్ళ డాక్టరు వసారాలో కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. మెడలో కొలత టేపు, జాకెట్టుకి గుచ్చిన రెండు సూదులు, ముఖంలో ఏదో పెద్ద బరువు దించుకున్న తేలిక.

"బండి మీదేనాండీ?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కనుక.

"మా ఆయనదండీ. ఆయన లేరు. పొద్దున్నే పోయారు."

గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "ఇవాళ... పొద్దున్నేనా?"

"ఇవాళే. నిన్న సాయంత్రం నుంచీ ఆ డ్రైవరు సీట్లోంచి లేవలేదు. అన్నానికి పిలిచినా పలకలేదు. తెల్లారి లేచి చూద్దును కదా, పోయారు."

"అయ్యయ్యో! ఒంట్లో ఏమైనా నలతగా ఉండేదా?"

"ఒంట్లో ఏ రోగమూ లేదు. ఉన్నదంతా మొండితనమే. బండి అమ్మేస్తానన్న దగ్గర్నుంచీ పోతాను, పోతాను అని ఒకటే గొడవ. నేనూ విసుగెత్తి, పోతే పొండి అన్నాను. అన్నంత పనీ చేశారు."

పళ్ళ డాక్టరు ఇంట్లోకి దొంగచూపు చూశాడు. ఏడుపుల్లేవు. బంధువుల్లేరు. కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది. మనిషి పోయిన పూటే ఆవిడ జాకెట్టు కుడుతోంది!

"మీరు చాలా... గుండె నిబ్బరంగా ఉన్నారండీ" అన్నాడు.

"నిబ్బరమేముంది డాక్టరు గారూ! నాకిదేమైనా మొదటిసారా?" అని నవ్వి, ఆవిడ తాళాలు తేవడానికి లోపలికి వెళ్ళింది.

మొదటిసారి కాదు! అంటే ఈయనకు ముందు ఎంతమంది? పళ్ళ డాక్టరు చేతిలో ఉన్న గ్లాసు వంక చూశాడు. సగం అప్పటికే తాగేశాడు. నాలుక మీద ఏదో చేదు తగిలినట్టే అనిపించింది. గ్లాసు కింద పెట్టి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా షెడ్డులోకి పరిగెత్తాడు.

"ఇదిగో, విన్నావా? ఇంటాయన పోయాడట!"

"పోతే పోనివ్వండి. తాళాలు ఆవిడ దగ్గరున్నాయిగా" అంది డాక్టరమ్మ, బానెట్టులోంచి తల ఎత్తకుండానే.

"ఏంటలా అంటావు? మనిషి పోయాడంటుంటే!"

"ఆయనుంటే మనకే కష్టమండీ. బేరం తెగనివ్వడట. ఫోన్లోనే చెప్పింది పాపం. పోయి మంచి పని చేశాడు."

ఇన్నేళ్ళు కలిసి కాపురం చేసిన మనిషి గుండె ఇంత బండరాయి అని పళ్ళ డాక్టరుకి ఆ షెడ్డులో తెలిసింది.

ఇంటావిడ తాళాలు తెచ్చి, "అలా వాగు దాకా నడిపి చూసుకోండి" అంది. డాక్టరమ్మ మందుల సంచి ముందు సీట్ల మధ్య పెట్టి స్టీరింగు ముందు కూర్చుంది. ఎక్కడికి వెళ్ళినా ఆ సంచి ఆమె వెంట ఉండాల్సిందే. పళ్ళ డాక్టరు పక్క సీట్లో, తలుపుకి అతుక్కుపోయి కూర్చున్నాడు. వెనకాల ఏదో కుప్ప మీద టార్పాలిన్ పట్టా కప్పి ఉంది. దాని వైపు చూడకూడదని నిశ్చయించుకున్నాడు.

జీపు వాలు దిగి మట్టిబాట పట్టింది. మొదటి మలుపులో వెనకనుంచి టక్, టక్ మని చప్పుడైంది.

"విన్నావా?"

"ఏదో నట్టు వదులైంది. బిగించుకుంటే సరి."

మొదటి గుంతలో చక్రం పడింది. వెనక ఎవరో మూలిగారు. సన్నగా, దీర్ఘంగా, ఎంతో బాధతో.

"అదిగో! మూలుగు!"

"స్ప్రింగులండీ. పాత బండి మూలగదా?"

లోపాలు వెతుకుదామని వచ్చిన మనిషికి లోపాలు వాటంతటవే వచ్చి చెవిలో పడుతున్నాయి. కానీ వాటిని చూసి సంతోషించే స్థితిలో లేడతను. అంతలో వెనక ఎవరో గట్టిగా తుమ్మారు.

"సైలెన్సరు" అంది డాక్టరమ్మ, అతను అడగకముందే.

వాగు దగ్గర ఆమె బండి ఆపింది. నీళ్ళు మట్టిరంగులో, పెద్ద తొందర లేకుండా పోతున్నాయి. అవతలి గట్టు మీద ఒక ముసలామె చేతులు రెండూ ఊపుతూ కేకలు పెడుతోంది. ఆమె వెనక, ఊబిలో, ఒక ఆవు వీపూ తలా మాత్రమే కనిపిస్తున్నాయి.

"డాక్టరమ్మా! మీరేనా? దేవుడిలా వచ్చారు! చూడి ఆవమ్మా అది, కూరుకుపోతోంది!"

డాక్టరమ్మ చీర ఎగదోపుకుని, సంచి తీసుకుని నీళ్ళలోకి దిగిపోయింది. మోకాలు మునిగింది, అంతే. చూస్తుండగానే అవతలికి చేరి, ఊబిలో చెయ్యి పెట్టి ఆవు పొట్ట తడిమి, వెనక్కి తిరిగి అరిచింది.

"ఏమండీ! బతికే ఉంది! బండి తీసుకురండి! తాడేసి లాగాలి!"

"నేనా?"

"మీరే! లోతు లేదు! తొందరగా!"

పళ్ళ డాక్టరుకి డ్రైవింగు రాదని కాదు. ఇంటి నుంచి క్లినిక్కుకి, క్లినిక్కు నుంచి ఇంటికి, తారురోడ్డు మీద, ఎడమ పక్కన నడపడం వచ్చు. నీళ్ళలో నడపడం రాదు. పైగా ఖాళీగా ఉన్నది ఆ సీటు. పాపం ఇంటాయన ఆఖరి సాయంత్రం గడిపిన సీటు. అవతల ఆవు మెడ చాచి అరిచింది. ఆ అరుపు విని అతను కళ్ళు మూసుకుని, ఆ సీట్లోకి జరిగి, తాళం తిప్పాడు.

గేరు కరకరమంది. జీపు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ గెంతింది, మళ్ళీ ఆగింది. మూడోసారి గేరు పెట్టిన కేకకి, వెనకనుంచి మనిషి గొంతు భరించలేనట్టు పలికింది.

"క్లచ్చి తొక్కయ్యా!"

పళ్ళ డాక్టరు ఒళ్ళంతా గడ్డకట్టింది. కానీ కాలు మాత్రం క్లచ్చి తొక్కింది.

"అలాగే... అలాగేనండీ" అన్నాడు.

"పక్కన చిన్న లివరుంది చూడు. వెనక్కి లాగు. ఇప్పుడు నాలుగు చక్రాలూ లాగుతాయి. మెల్లిగా వదులు. మెల్లిగా! గేరు పళ్ళన్నీ రాలగొట్టకు!"

తను పళ్ళ డాక్టరన్న సంగతి పోయినవాళ్ళకి కూడా తెలిసిపోతుంది కాబోలు. అతనికి ఏడుపొచ్చింది. జీపు నీళ్ళలోకి దిగింది.

"కళ్ళు తెరిచి నడుపు!"

"తెరవనండీ. అద్దంలో మీరు కనబడతారు."

"కనబడితే ఏమైంది? తెరువు!"

తెరిచాడు. నీళ్ళు చక్రాల దగ్గర సుడి తిరుగుతున్నాయి. చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి. ఊరికే ఉంటే గుండె ఆగిపోయేలా ఉంది. మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడితే అవతలి మనిషి శాంతిస్తాడేమోనని ఆశ కలిగింది.

"తమరు... పొద్దున్నే పోయారట కదండీ."

"ఆ, పొద్దున్నే పోయా. కాస్త కుడికి తిప్పు, అక్కడ రాయుంది."

"ఇప్పుడు... బాధేమైనా ఉందాండీ?"

"లేకేం? నడుం విరిగిపోయింది. నువ్వు పెట్టిన గెంతులకే!"

"క్షమించండి. మా ఆవిడ అన్న మాటలు కూడా మనసులో పెట్టుకోకండి. దానికి పశువుల మీదే జాలి, మనుషుల మీద లేదు."

"గట్టు ఎక్కుతోంది, ఆపకు, కాలు తియ్యకు!" అని గొంతు అరిచింది. జీపు ముక్కు పైకెత్తింది, నాలుగు చక్రాలూ కలిసి గట్టును పట్టుకున్నాయి, మరుక్షణం బండి పొడి నేల మీద నిలబడింది. డాక్టరమ్మ మొలదాకా బురదతో నిలబడి, నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఇంత బాగా నడుపుతారని ఎప్పుడూ చెప్పలేదేంటండీ!" అంటూనే ఆమె వెనక్కి పరిగెత్తి, తాడు కోసం టార్పాలిన్ పట్టా లాగింది. కింద, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, తెల్లమీసాల పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు.

"ఎవరండీ మీరు?"

పళ్ళ డాక్టరు సీట్లోంచి సగం పైకి లేచాడు. "నీకూ కనిపిస్తున్నాడా?"

పెద్దమనిషి కింద ఉన్న తాడు చుట్ట తీసి ఆమె చేతికిచ్చాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉందో లేదో చూద్దామని పళ్ళ డాక్టరు వేలు చాపి ముట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది.

మాటలకి అది సమయం కాదు. పెద్దాయన కిందికి దూకి తాడు జీపుకి కట్టాడు. డాక్టరమ్మ ఊబిలో పడుకున్నంత పని చేసి, జీపులోని పాత గోనెలు మడతపెట్టి ఆవు పొట్ట కింద దూర్చి తాడు చుట్టింది. పళ్ళ డాక్టరు మళ్ళీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. "మెల్లిగా, పసిపిల్లని ఎత్తినట్టు" అన్నాడు పెద్దాయన, ఈసారి కిటికీ పక్కన నిలబడి. జీపు గుర్రుమని లాగింది. ఊబి పెద్ద చప్పుడుతో ఆవును వదిలిపెట్టింది. అది పక్కకి ఒరిగి, ఆయాసపడి, కొంతసేపటికి వణుకుతూ నాలుగు కాళ్ళ మీదా నిలబడింది. డాక్టరమ్మ దాని డొక్కకి చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"కదులుతోంది" అంది. "లోపలిది కదులుతోంది." ముసలామె ఆవు మెడ కౌగిలించుకుని ఏడ్చేసింది.

అందరూ గట్టు మీద కూలబడ్డాక పెద్దాయన తల దించుకుని చెప్పుకొచ్చాడు. "అలిగి మా అక్కయ్య ఇంటికి పోదామని బయల్దేరానమ్మా. ఇదివరకు కూడా అలా పోయి రెండ్రోజులకి తిరిగొచ్చేవాణ్ణి. ఈసారి బస్సు దగ్గరికి వెళ్ళాక, నేనక్కడుంటే ఇక్కడ బండి అమ్ముడుపోతుందని భయమేసింది. వెనక్కొచ్చి ఇందులో దూరాను. నాలుగు చప్పుళ్ళు చేసి, రెండు మూలుగులు మూలిగితే మీరే వద్దని పోతారనుకున్నా. తుమ్ము మాత్రం నిజంగానే వచ్చింది."

డాక్టరమ్మ ఆయన్ని చూసింది, జీపును చూసింది. బురద చేతులు చీరకి తుడుచుకుంది. "ఇంత ప్రాణం పెట్టుకున్న బండిని మీ దగ్గర్నుంచి ఎలా లాక్కుంటామండీ? వద్దులెండి. నా స్కూటరు నాకుంది."

పొద్దుట్నుంచీ పళ్ళ డాక్టరు కోరుకున్నది సరిగ్గా ఇదే. ఏ లోపమూ పట్టుకోకుండానే పని జరిగిపోయింది. లేచి ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ అతను లేవలేదు. ఊబిలోంచి వచ్చిన భార్యను, ఆమె చెవి పక్కన ఎండిపోతున్న బురదను చూస్తూ కూర్చున్నాడు. రేపు ఇంకో పల్లె నుంచి ఇంకెవరో చేతులు ఊపుతారు. ఈమె సంచి భుజాన వేసుకుని నడిచి వెళ్తుంది. వెళ్ళేసరికి ఏమవుతుందో.

"కొందాం" అన్నాడు.

"మీరేనా ఆ మాటంటున్నది?"

"నేనే. కానీ ఒక్క షరతు. నువ్వు ఒక్కదానివే పోకూడదు. ఈయన కూడా నీ వెంట రావాలి. ఇవాళ ఈయన వెనక లేకపోతే నేను వాగులోనే ఉండిపోయేవాణ్ణి."

పెద్దాయన మీసం తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు. "రాక తప్పదులే అమ్మా. తాడు కట్టడం మీ ఆయనకి రాదు" అన్నాడు, ఎంతో బరువైన బాధ్యత నెత్తికెత్తుకున్నవాడిలా.

ఇంటికి చేరాక, ఇద్దరు వెళ్ళిన బండిలోంచి ముగ్గురు దిగడం చూసి ఇంటావిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. జరిగిందంతా విని చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత నుంచి పెద్దాయన తెల్లవారగానే అన్నం డబ్బా పట్టుకుని జీపు దగ్గరికి వెళ్ళి, చీకటి పడ్డాక డాక్టరమ్మను దించి, బండి తుడిచి మరీ ఇల్లు చేరుతున్నాడు. ఇంట్లో ఇప్పుడు కుట్టుమిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఇంటావిడ బండికి మాత్రమే ధర చెప్పింది. మొగుణ్ణి ఊరికే ఇచ్చేసింది.