రొమేనియా చెక్కా, వెనక మెట్ల రెయిలింగూ

భర్త ఇంటిపట్టున ఉండాలని కోరుకునే ఇల్లాలు వెంటనే చేయవలసిన పని ఒక్కటే. అతనికో పాత సైన్యపు తుపాకి చెక్క కొనిపెట్టడం! నవ్వకండి. మా వెస్ట్ వర్జీనియాలో ఎన్ని కాపురాలు ఆ చెక్కల మీద నిలబడి ఉన్నాయో మీకేం తెలుసు?

వెర్లిన్ స్టకీనే తీసుకోండి. రిటైరైన బస్సు డ్రైవరు. అతని దగ్గర సైనికుల తుపాకిలాంటి రైఫిలొకటి ఉంది. దానికున్న నల్ల ప్లాస్టిక్ పిడి ఊడదీసి, రొమేనియా సైన్యం వదిలించుకున్న చెక్క పిడి తొడగాలని అతని పట్టుదల. ఒక దేశపు సైన్యమే వద్దనుకున్నదాన్ని తెచ్చి నెత్తిన పెట్టుకోవాలంటే ఎంత విశాల హృదయం కావాలి!

పైగా ఆ చెక్క ఓ పట్టాన పట్టదు. పడితే ఇక మజా ఏముంది? వెర్లిన్ కాస్త గీకుతాడు, తొడిగి చూస్తాడు, తీస్తాడు, మళ్ళీ గీకుతాడు. అతనిలో ఇంత ఓర్పుందని భార్య లోర్నాకు కాపురానికొచ్చిన ఇన్నేళ్ళకి ఇప్పుడే తెలిసింది.

ఆమెకు తుంటి కీలు ఆపరేషన్. ఆసుపత్రికి వెళుతూ ఒక్కటే అడిగింది.

"వెనక మెట్లకి రెయిలింగ్ పెట్టు వెర్లిన్. పట్టుకోడానికేం లేకపోతే నేను ఎక్కలేను. పడతానేమోనని భయంగా ఉంది."

"అదెంత పని. రేపు చూస్తాలే."

రేపు చూడటానికి తీరికేదీ? చెక్కనిండా సైన్యం పూసిన గ్రీజు. వేడిచేస్తే దిగుతుందని తుపాకుల క్లబ్బు మిత్రుడొకడు చెప్పాడు. వెర్లిన్ దాన్ని వంటింటి ఓవెన్లో పెట్టాడు. చర్చి ఆడవాళ్ళు రోగి కోసం వండి తెచ్చిన కోడికూర అన్నాన్నీ అందులోనే వెచ్చబెట్టి ఆసుపత్రికి పట్టుకెళ్ళాడు. కీలు ఆపరేషనైన మనిషికి గ్రీజు మంచిదే కదా!

లోర్నా ఒక్క చెంచా నోట్లో పెట్టుకుంది. "ఏంటిది, లారీ కింద కూర్చుని వండారా?"

వెర్లిన్ మాట మార్చాడు. "ఆ చెక్క మీద ఎవడో సిపాయి కుర్రాడు తను ప్రేమించిన పిల్ల పేరు చెక్కుకున్నాడు లోర్నా. గీకేయడానికి మనసొప్పలేదు."

"నా పేరెక్కడైనా చెక్కావా నువ్వు?"

వెర్లిన్ గిన్నెకి మూత పెట్టేశాడు. రెయిలింగ్ సంగతి ఆమె మళ్ళీ గుర్తుచేసింది. రేపే అన్నాడు.

ఆమెను ఇంటికి తెచ్చిన రోజున మెట్లు బోడిగానే ఉన్నాయి. కారు దిగుతూనే వెర్లిన్ శుభవార్త చెప్పాడు. "చెక్క పట్టేసింది! వెంట్రుక దూరేంత సందు లేదు."

లోర్నాకు ఏడుపొచ్చినంత పనైంది. మెట్లవైపు చూసింది, మొగుడివైపు చూసింది.

"ఇలా రా. ఈ మెట్టు పక్కన నిలబడు. కదలకు."

అతని భుజం పట్టుకుని, బరువంతా అతని మీదే వేసి, పళ్ళు బిగించి ఒక్కొక్క మెట్టూ ఎక్కింది. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"కొంచెం వదులుగా ఉన్నావు. అయినా పనికొస్తావు. అక్కడే ఉండు, కాఫీ తాగొచ్చి కోళ్ళని చూడ్డానికి దిగుతాను."

వెర్లిన్ తన తుపాకి ఉన్న గరాజువైపు చూశాడు. తర్వాత ఆకాశంవైపు చూశాడు.

"వానొచ్చేలా ఉంది లోర్నా."

"రానీ. రెయిలింగులు వానకి లోపలికొస్తాయా?"