జంబుకయ్య గారి వెల్లుల్లి తనిఖీ

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఎంత పెద్దదని అడక్కండి, నాలుగు ఆఫీసులు పెట్టినా ఇంకా ఖాళీ మిగిలేంత పెద్ద అడవిలో, పోలమ్మ అనే కుందేలు ఉండేది. మొగుడు ఈమధ్యే పులి వాతపడ్డాడు. ఇక ఆవిడకి మిగిలిందల్లా ఓ బొరియ, అందులో ఇంకా కళ్ళు తెరవని పిల్లలు, పెరట్లో ఓ వెల్లుల్లి మడి.

ఆ మడి తిండికి కాదండోయ్. కుందేలు వెల్లుల్లి తింటుందా, మీ పిచ్చి గాని! బొరియ మూతి సరిగ్గా మడి నడుమ ఉంది. ఆ ఘాటు ముందు పిల్లల వాసన ఏ ముక్కుకీ ఆనేది కాదు. అందుకే చలి మొదలవగానే పోలమ్మ రెబ్బ రెబ్బా విడదీసి, మొన పైకుండేట్టు గుచ్చి, కుళ్ళిపోకుండా ఆచితూచి నీళ్ళు పోసి, ఆ మడిని కూడా ఓ బిడ్డలాగే సాకేది.

పొరుగునే, వాగు అవతల, జంబుకయ్య అనే నక్క ఉన్నాడు. పిల్లలున్నారని తెలుసు, ఎక్కడున్నారో తెలీదు. పోనీ మడి పీకేద్దామంటే, ఒకరి పెరట్లో ఇంకొకరు అడుగుపెట్టకూడదని అక్కడ చట్టం. సర్కారు పని మీద వచ్చేవాళ్ళకి మాత్రం మినహాయింపు. ఆ చట్టం రాసిందెవరో గాని, నక్కలకి దగ్గర చుట్టమై ఉంటాడు.

జంబుకయ్య తిన్నగా సింహం దగ్గరికెళ్ళాడు.

“మహాప్రభూ, తమరికి భోంచేశాక కడుపుబ్బరమని విన్నాను. వెల్లుల్లి మహా మంచిదండి. ఇంటింటా పెరట్లో పెంచాలని ఆజ్ఞ వేయించండి.”

“వేశాం పో,” అన్నారు రాజుగారు ఆవలిస్తూ. “పెంచేది వాళ్ళు. మధ్యలో నువ్వేం చేస్తావయ్యా?”

“పెరుగుతోందో లేదో చూసేవాడొకడు ఉండొద్దా అండి?”

“ఆకు పైకి కనిపిస్తూనే ఉంటుంది కదా?”

“అక్కడే మోసం ప్రభూ! ఆకుని నమ్మితే కొంప మునుగుతుంది. గడ్డ ఊరిందో లేదో పీకి చూడాలి. కొరికి రుచీ చూడాలి. తమరి కడుపు కదండీ, మామూలు విషయమా!”

కడుపు మాట వచ్చేసరికి రాజుగారు కరిగిపోయారు. జంబుకయ్య పెరటి వెల్లుల్లి పరిశీలనాధికారి అయ్యాడు. బంట్రోతుగా వరాలు అనే అడవిపందిని కూడా ఇచ్చారు. దొంగ చేతికి తాళాలిచ్చి, మోయడానికి కూలీని కూడా పంపినట్టయింది.

నేరుగా పోలమ్మ ఇంటికే వెళ్తే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. అందుకని జంబుకయ్య అడవంతా తనిఖీకి బయల్దేరాడు.

“ఏమ్మా, ఇంకా ఊరలేదే?” అన్నాడు ఉడుత పెరట్లో.

“ఇవాళ పొద్దున్నే కదయ్యా నాటింది!”

“సాకులు చెప్పకు.”

పీకడం, నలపడం, శాంపిల్ అంటూ సగం కొరికి మింగడం, మిగతాది తలకిందులుగా గుచ్చి పోవడం. ఇదీ వరస. నక్కకి వెల్లుల్లి ఇష్టమా అంటే కాదు. కానీ ఊరకే వచ్చేదాన్ని వదిలితే అధికారానికి అవమానం కదా. వారం తిరక్కుండా మళ్ళీ అదే పెరడు, మళ్ళీ అదే పీకుడు. ఏ ఇంట్లోనూ గడ్డ ఊరిన పాపాన పోలేదు.

“చూశావా వరాలూ! మనం ఇంతగా తనిఖీ చేస్తుంటేనే ఇలా ఉంది. చెయ్యకపోతే ఏమైపోయేదో!”

“అవును సార్,” అని వరాలు గబగబా అటువైపుకి మారాడు.

“ఏంట్రా?”

“ఏం లేదు సార్. గాలి ఇటు కొడుతోంది.”

పొద్దస్తమానం అదే పీల్చి పీల్చి జంబుకయ్య ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. ఎవరి కంపు వాళ్ళకి తెలీదంటారే, అదే ఇది.

ఆఖరికి పోలమ్మ పెరట్లో అడుగుపెట్టాడు. ఆవిడ కాళ్ళమీద పడింది.

“అయ్యా, మీకు పుణ్యముంటుంది. ఆకు పసుపెక్కి వాలేదాకా ఆగండి. నేల్లో ఉంటేనే కదయ్యా ఊరేది! ఎప్పుడు తవ్వాలో ఆకే చెబుతుంది.”

“ఆకే చెబితే ఇక నేనెందుకమ్మా?” అన్నాడు జంబుకయ్య. ఓ రెబ్బ కొరికి, మొహం చిట్లించాడు. “నాసిరకం! వరాలూ, మడంతా పీకి పారెయ్.”

వాళ్ళు వెళ్ళాక బోసిపోయిన మడి మధ్య బొరియ మూతి బట్టబయలుగా కనిపించింది. వేరే చోటికి పోదామంటే పిల్లల్ని ఒక్కొక్కర్నే మొయ్యాలి. ఒకర్ని మోస్తుండగా నక్క వచ్చి పడితే మిగతావాళ్ళ గతేమిటి? పిల్లల్ని పొట్టకింద పెట్టుకుని తనివితీరా ఏడ్చింది పాపం.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, అందరూ కునుకు తీసే వేళ చూసి, సాక్షిగా వరాలు కూడా లేకుండా, జంబుకయ్య అడుగులో అడుగేసుకుంటూ బయల్దేరాడు. ఆకు చప్పుడు కూడా కాలేదు. అయితే ఏం లాభం? ఆయనగారు ఇంకా వాగు అవతలుండగానే ఆయన కంపు వచ్చి పోలమ్మ గుమ్మంలో నిలబడింది.

మడి పోయింది, మరి ఈ వెల్లుల్లి వాసన ఎక్కడిది? అయ్యగారిదే, పలచగా ఉందంటే ఇంకా దూరానే ఉన్నాడు అనుకుని, పోలమ్మ చటుక్కున లేచింది. పిల్లల్ని ఒక్కొక్కర్నే నోట కరుచుకుని గుట్టమీద రాళ్ళ సందులోకి చేరవేసింది. చివరివాణ్ణి పడుకోబెట్టి, ఊపిరి తీసుకుని, ఒంటికంటిన దుమ్ము దులుపుకున్నాక గాని జంబుకయ్య పెరట్లోకి రాలేదు.

బొరియలో మూతి పెట్టి ఎంత పీల్చినా మొద్దుబారిన ఆ ముక్కుకి పిల్లల వాసన ఆనలేదు. “పీకేసినా ఈ మడి వాసన పోలేదు, దరిద్రం!” అని నేలని తిట్టి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి ఎక్కడికెళ్ళినా ఇదే తంతు. అడవికోళ్ళు ముందే ఎగిరిపోయేవి. ఎలకలు ముందే దూరిపోయేవి. ఆకలికి కళ్ళు బైర్లు కమ్మి, అన్నీ ముందే ఎలా పసిగడుతున్నాయని చివరికి వరాలునే అడిగాడు. వరాలు దూరంగా నిలబడి, “తప్పుగా అనుకోకండి సార్, మీ వెల్లుల్లి కంపు మీకంటే ముందే వెళ్తోంది,” అన్నాడు. జంబుకయ్య వాగులో మునిగాడు, బురద పూసుకున్నాడు, ఇసకతో తోముకున్నాడు. లోపల్నుంచి వచ్చేది పైన తోమితే పోతుందా?

ఏడుపుమొహంతో రాజుగారి దగ్గరికెళ్ళాడు. “ప్రభూ, ఈ ఉద్యోగం నాకొద్దు. ఇంకెవరికైనా ఇవ్వండి.”

ఈ కబురు తెలిసి అడవంతా కదిలొచ్చింది. ముందు వరసలో పోలమ్మ.

“మహారాజా, మా అయ్యగార్ని మార్చకండి! ఆయన వచ్చినప్పట్నుంచి మా పిల్లలు నిశ్చింతగా ఆడుకుంటున్నారు. ఆయన్ని తీసేస్తే మేం ఒప్పుకోం!”

రాజుగారు ముక్కు మూసుకునే కళ్ళు తుడుచుకున్నారు. “ప్రజలు ఇంతగా ప్రేమించే అధికారిని నేనెక్కడా చూడలేదయ్యా. బతికినంతకాలం ఈ పదవిలో నువ్వే ఉండు!”

ఆ సాయంత్రమే ప్రతి ఇంట్లో కొత్త మడి లేచింది. జంబుకయ్య ఏ గుమ్మం ముందు కనిపించినా, “రుచి చూడందే కదలనివ్వం!” అని ఇంటిల్లిపాదీ చుట్టుముట్టి నోట్లో రెబ్బలు కుక్కి మరీ పంపేవాళ్ళు.

నీతి: అధికారి అన్నాక కంపు కొట్టాలి, అప్పుడే జనం ముందుగా జాగ్రత్తపడతారు.