ఎర్ర రంగు

ఆ పొద్దున గిరిధర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎరుపు పట్టు నమూనాలు సావుకారి కొట్లో చూపించాలి, పెళ్లికూతురితో సరే అనిపించాలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. చూపిన ప్రతి ఎరుపుకీ ఆ పిల్ల పెదవి విరుస్తూ వచ్చింది. ఈసారీ విరిస్తే పెళ్లిచీర పక్క వీధి మగ్గానికి పోతుంది. 

"సంధ్యా, ఎర్రయి ఏడ పెట్టినవే?" అని కేకేశాడు.

వంటింట్లో మిక్సీ మోగుతోంది. సంధ్యకు 'ఎర్రలు' అని వినబడింది. గద్వాలలో ఎర్రలంటే వానపాములు. బడిలో కొలిచి చూడాలని కూతురు భవ్యశ్రీ వాటిని తవ్వి తెచ్చి, తడి మన్నేసి మిఠాయి డబ్బాలో దాచుకుంది.

"గూట్ల మిఠాయి డబ్బల ఉన్నయి! మూత గట్టిగ పెట్టు, పారిపోతయి!"

పట్టు పారిపోవడమేమిటని అనుమానం రావాల్సింది. తొందరలో ఉన్నవాడికి అంత తీరికెక్కడిది? దొరికిన డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరాడు. పట్టు నమూనాలున్న రెండో డబ్బా, అదీ మిఠాయి కొట్టుదే, భవ్యశ్రీతో బడికి పోయింది.

కొట్లో పెళ్లికూతురు సుహాసిని, ఆమె తల్లి మాలతి పరుపు మీద కూర్చుని ఉన్నారు. గిరిధర్ వాళ్ల మొహాలే చూస్తూ డబ్బాలో చెయ్యి పెట్టి, ఒక పోగు పైకి తీశాడు. పోగు మెలికలు తిరిగింది.

"అయ్యో, కదులుతుంది!" అని మాలతి పరుపు మీంచి లేచి పక్కనున్న కుర్చీ ఎక్కింది. సావుకారి అరవింద్ అప్పటికే బల్ల మీదున్నాడు. చీరతో పాటు పరువూ పోయిందని గిరిధర్ కళ్లు మూసుకున్నాడు.

సుహాసిని మాత్రం వంగి చూసింది. "అమ్మా, జర దిగు. గులాబీ కాదు, గోధుమ కాదు... నేనడిగే ఎరుపు గిదే! అంచు గిదే రంగుల కావాలె."

"ఎర్ర రంగేనా?" అన్నాడు సావుకారి, బల్ల మీది నుంచే.

"ఎర్ర రంగే," అన్నాడు గిరిధర్. జన్మలో అంత నిజం అతనెన్నడూ చెప్పలేదు.

అంతలో ఫోను మోగింది. "నాయినా! సారు స్కేలు పట్టుకొని నిలబడ్డడు. నా డబ్బల దారాలున్నయి! నా ఎర్రలు తే!"

గిరిధర్ ఆటోలో బడికి పరిగెత్తాడు. అక్కడ ఎర్ర కొలిచేలోగా సాగుతోంది, రాసేలోగా ముడుచుకుంటోంది. అందరి కొలతలూ అయ్యేదాకా బయట కూర్చున్నాడు.

"బిడ్డా, ఒక్కటియ్యి. రంగు చూపియ్యాలె."

"మళ్ల తెచ్చి తడి మన్నుల ఇడుస్తవా?"

"ఇడుస్త. మగ్గం మీద ఒట్టు."

రంగులద్దే మల్లయ్య సంగతి విని విసుక్కున్నాడు. "ఎర్ర రంగా? గీ ముక్క చెప్పనీకి గింత దూరమొచ్చినవా? ఎర్ర రంగు నాకు తెల్వదా?"

గిరిధర్ డబ్బా మూత తీశాడు.